అరణపు పడవ

బుగ్గమ్మ సముద్రం చూడలేదు. చూడాలన్న కోరిక కూడా ఆమెకు ఏనాడూ కలగలేదు. ఆమె ఎరిగిన నీళ్లన్నీ బిందెలో పట్టేవే. పుట్టింది బషీరాబాద్ అవతల, సగం కన్నడం సగం తెలుగు మాట్లాడే ఊళ్లో. అక్కడ బావిలోకి మెట్లు దిగి ముంచుకుని రావాలి. కాపురానికి వచ్చింది యాలాల్ దగ్గరి ఊరికి. ఇక్కడ మొదట్లో చేదబావి, తర్వాత చేతిపంపు, ఆ తర్వాత బోరు, ఇప్పుడు దినం విడిచి దినం వచ్చే నల్లా. పేర్లు మారాయి గాని మోసే నడుము మారలేదు. ఎవరైనా వచ్చి అమ్మా, నీ బతుకంతా ఏం చేశావు అని అడిగితే గొర్రెలు కాశాననో, పిల్లను పెంచాననో చెప్పాలి. నిజం చెప్పమంటే మాత్రం నీళ్లు మోశానని చెప్పాలి. బిందె కూర్చునే చోట నడుము మీద చర్మం మొద్దుబారిపోయింది. మోకాళ్లు కూర్చుంటే లేవనివ్వవు, లేస్తే కూర్చోనివ్వవు.

అట్లాంటి మనిషి వాకిట్లో ఒక పడవ లేచింది. చెరువులో తిప్పే పుట్టి కాదు. సముద్రంలోకి పోయి చేపలు పట్టే చెక్క పడవ. సముద్రమెక్కడ, యాలాల్ ఎక్కడ! తాండూరులో రైలెక్కి, హైదరాబాదులో ఇంకో రైలు మారి, తెల్లారేదాకా కునికిపాట్లు పడితే గాని ఉప్పుగాలి తగలదు. ఈ చుట్టుపక్కల దొరికేది బండలు, కందులు, సిమెంటు దుమ్ము. ఎండాకాలం వస్తే కాగ్నా నదిలో ఇసుక తప్ప ఏమీ ఉండదు. ఊళ్లో వాళ్లకు ఇంకేం కావాలి? పనున్నవాడూ లేనివాడూ వచ్చి వాకిలి కంచె పట్టుకుని నిలబడేవాడు. కాగ్నాకు నీళ్లొచ్చినంక మమ్మల్ని కూడ ఎక్కించుకో బుగ్గక్కా అని ఒకడు, టికెట్టు ఎంత పెడుతున్నవు అని ఇంకొకడు. మొదట్లో బుగ్గమ్మ గట్టిగానే అందుకునేది. నీ మొహానికి టికెట్టొకటా, నీ పెండ్లామునడిగి రా పో, అనేది. తర్వాత్తర్వాత నోరు కూడా నొప్పిపెట్టింది. చేటలో బియ్యం ఏరుకుంటూ తల ఎత్తేది కాదు.

ఈ పడవ కట్టించింది ఆమె మొగుడు ఈరయ్య. తాతల నాటి నుంచి గొర్రెలు కాసే ఇల్లు. ఈరయ్య మాట్లాడటం ఊళ్లో ఎవరూ పెద్దగా వినలేదు. గొర్రెలతో మాట్లాడతాడు. నాలుక మడిచి ట్ర్‌ర్ అంటే మంద మందంతా తలెత్తి చూస్తుంది. మనుషులతో మాత్రం తలకాయతోనే పని కానిస్తాడు. అవునంటే కిందికి, కాదంటే పక్కకు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు మొగుడు మూగవాడేమోనని బుగ్గమ్మ భయపడింది. కాదని తెలిశాక ఇంకా కోపం వచ్చింది. మాటలుండీ దాచుకునేవాడితో బతకడం పిసినారితో బతకడం లాంటిదే. ఆమె మాట్లాడుతూనే ఉంటుంది, ఆయన వింటాడో లేదో తెలియదు. ముప్పై ఏళ్లు అట్లాగే గడిచాయి.

వాళ్లకు ఒక్కతే బిడ్డ, నవనీత. గొర్రెలు కాసేవాళ్లలో ఒక ఆచారముంది. ఆడపిల్ల పుట్టి పురుడు దాటగానే మందలోంచి ఒక ఆడ గొర్రెపిల్లను ఆమె పేరు మీద విడిచిపెడతారు. దాన్ని అరణం అంటారు. చెవికి ఒక గుర్తు కోస్తారు. అక్కణ్నించి ఆ గొర్రె ఈనిన పిల్లలూ, పిల్లల పిల్లలూ అన్నీ ఆ ఆడపిల్లవే. తండ్రి కాస్తాడు, మేపుతాడు గాని వాటిని అమ్ముకోకూడదు, కోసుకోకూడదు. పెండ్లయి పోయేనాడు ఆమె వెంట తోలి పంపించాలి. నవనీత అరణం బాగా పెరిగింది. పిల్ల అదృష్టం అనేవారందరూ. సాయంత్రం మంద దొడ్డికి వస్తే నవనీత గడపలో కూర్చుని తన చెవికోత గొర్రెలను పేర్లు పెట్టి పిలిచేది. ఈరయ్య ఆ పేర్లన్నీ విని నవ్వేవాడు. ఆయన నవ్వడం చూసినవాళ్లు ఊళ్లో ఇద్దరే, తల్లీ బిడ్డా.

నవనీత నర్సు కోర్సు చదివి హైదరాబాదులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేరింది. అక్కడికి కాకినాడ దగ్గరి నుంచి ఒకడు తల్లిని తీసుకొచ్చి చేర్పించాడు. నూకరాజు అతని పేరు, చేపలు పట్టే ఇల్లు. ఆ తల్లి కోలుకుని ఇంటికి పోయేలోపల కథ ముదిరిపోయింది. నవనీత ఇంటికి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పింది, దొంగచాటు పెండ్లి చేసుకునే పిల్ల కాదు. బుగ్గమ్మ అరిచింది, ఏడ్చింది, అలిగి అన్నం మానేసింది, ఆఖరికి ఆకలేసి తిన్నది. ఈరయ్య మాత్రం గొంగడి భుజాన వేసుకుని మందకు వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది. కర్ర తీసుకున్నా బాగుండేది. ఆయన ఆ దినం నుంచి బిడ్డ పేరు ఎత్తడం మానేశాడు. నవనీత దండలు మార్చుకుని సముద్రపు ఒడ్డుకు వెళ్లిపోయింది. మూడేళ్లయింది. ఫోను చేస్తే తల్లితోనే మాట. పక్కనే కూర్చున్న తండ్రికి ఫోను ఇవ్వబోతే లేచి దొడ్డిలోకి పోయేవాడు.

కాని అరణం గొర్రెలు మందలోనే ఉన్నాయి. వాటిని తన కోసం అమ్ముకోరాదు, కొయ్యరాదు, పంపించడానికి బిడ్డ ఇంట్లో మేత లేదు, ఇసుక ఉంది. సాయంత్రం ఈరయ్య మందను లెక్క చూసుకునేటప్పుడు ముందు తనవన్నీ పైకి లెక్కపెట్టేవాడు. చెవికోతవి వచ్చేసరికి నోరు మూసుకుని వేళ్ల మీద లెక్కపెట్టుకునేవాడు. బుగ్గమ్మ అది చూసి పొయ్యిలో కట్టె ఎగదోస్తూ గొణుక్కునేది. బిడ్డ మీద కోపముంటే బిడ్డ గొర్రెలకు తౌడు ఎందుకు పెడుతున్నవు మహానుభావా అని అడగాలనిపించేది. అడిగినా జవాబు రాదని తెలుసు.

పోయిన వానల చివర ఒక తుఫాను వచ్చి నూకరాజు పడవను ఒడ్డునే రాళ్లకేసి కొట్టింది. ముక్కలు కూడా దొరకలేదు. ఎవరి పడవలోనో కూలికి పోతున్నాడని, పడ్డ చేపలో పడవ గలవాడి పాలు తీశాక వీళ్లకు మిగిలేది కూరకే సరిపోతున్నదని నవనీత తల్లితో చెప్పింది. ఆ సాయంత్రం ఈరయ్య అరుగు మీద పడుకుని ఉన్నాడు. కళ్లు మూసుకున్నాడు గాని నిద్రపోలేదని ఆయన కాలి బొటనవేలు చెప్తూనే ఉంది. బుగ్గమ్మ కావాలనే గోడకు చెప్పినట్టు అంతా పైకి చెప్పింది. పడవ పోయిందంట, పిల్ల చిక్కిపోయిందంట, అల్లుడు పరాయి పడవ ఎక్కుతున్నడంట. గోడ విన్నది. అరుగు మీది మనిషి పక్కకు తిరిగి పడుకున్నాడు.

తెల్లవారి ఆయన వడ్ల మహిధర్ ఇంటికి పోయాడు. మహిధర్ తండ్రి ఎడ్లబండ్లు చేసేవాడు. బండ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాక మహిధర్ దర్వాజాలు, మంచాలు చేస్తున్నాడు. అవి కూడా ఇప్పుడు ఇనుపవి వచ్చాయి. పడవ చెయ్యాలని ఈరయ్య చెప్పినప్పుడు మహిధర్ చాలాసేపు బీడీ వెలిగించకుండా పట్టుకుని కూర్చున్నాడట. తర్వాత ఎంత పొడుగు అని మాత్రం అడిగాడట.

ఆ వారంలోనే చెవికోత గొర్రెలు తాండూరు అంగడికి పోయాయి. ముసలి గొర్రె ఒక్కటి, మొట్టమొదటి అరణపు గొర్రె పిల్లల్లో ఆఖరుది, అది మాత్రం ఆగింది. సగం ఖాళీ అయిన దొడ్డిలో నిలబడితే బుగ్గమ్మకు ఒళ్లు మండిపోయింది.

“పైసలే పంపితే కాదా? వాండ్ల కాడ పడవలు చేసెటోళ్లే లేరా? ఈడ చేసి ఆడికి మోసుడేంది?” అన్నది.

ఈరయ్య కంచె కట్టుకుంటూనే ఉన్నాడు. ఇక మాట రాదనుకుని ఆమె వెనక్కి తిరిగింది.

“పైసలిస్తే ఎవలిచ్చిన్రో యాదికుండదు,” అన్నాడు. “అరణమంటే కంటికి కనవడాలె.”

ఎవరికి కనబడాలో చెప్పలేదు. కాని మూడేళ్లలో బిడ్డ గురించి ఆయన అన్న మొదటి మాట అది. బుగ్గమ్మకు అప్పుడే అర్థమైంది. ఈ మనిషి ఉత్త చేతులతో బిడ్డ ముందర నిలబడలేడు. ముందర ఏదో ఒకటి పెట్టి, దాని చాటున నిలబడితే తప్ప నోరు తెరవలేడు. పడవ అయితేనే మాట. పడవ కాకపోతే ఇక ఈ జన్మకు లేదు. ఆ దినం నుంచి ఆమె పడవను తిట్టడం మానలేదు గాని దాని కోసం ఏ పని చెప్పినా కాదనలేదు.

మొదటి పని ఆమెకు నచ్చనిదే. దొడ్డిలో వేపచెట్టు కొట్టేశారు. ఆ చెట్టు కిందే ఆమె పాలు పిండేది, బియ్యం ఏరేది, మధ్యాహ్నం ఇంత నడుము వాల్చేది. వేప చెక్కకు పురుగు పట్టదని మహిధర్ అన్నాడు. తాండూరు కోత మిషన్‌కు తోలి పలకలు కోయించుకొచ్చారు. పొలం గట్ల మీది నల్లతుమ్మలన్నీ ఈరయ్యకు కంఠతా వచ్చు. ఏ కొమ్మ ఎక్కడ వంగిందో మందకు మండలు నరికి నరికి చేతులకే తెలుసు. దర్వాజాకూ బండికీ పనికిరాని ఆ వంకర కొమ్మలే పడవకు పక్కటెముకలయ్యాయి. చెట్టు పోయాక బుగ్గమ్మ ఎండలో కొంగు నెత్తిన వేసుకుని కూర్చునేది.

పడవ ఎట్లా కట్టాలో నూకరాజు మహిధర్ ఫోనుకు వీడియోలు పంపేవాడు. ఆ నంబరు కూతురికి రహస్యంగా ఇచ్చింది బుగ్గమ్మే. అక్కడ చేసేవాళ్లు ఎట్లా చేస్తారో, పలక ఎట్లా వంచుతారో, మేకు ఎట్లా కొడతారో అన్నీ అందులో ఉండేవి. ఈరయ్య మహిధర్ వెనక నిలబడి, చూడనట్టే చూసేవాడు. ఒక వీడియోలో వెనకాల ఎక్కడో నవనీత గొంతు వినిపించింది. అన్నానికి రా అని మొగుణ్ని పిలుస్తున్నది. ఈరయ్య ఆ వీడియోను మళ్లీ పెట్టమన్నాడు. పలక వంచే తీరు అర్థం కాలేదన్నాడు. మహిధర్ మళ్లీ పెట్టాడు. మళ్లీ మళ్లీ పెట్టాడు. ఆ ముచ్చట మహిధర్ బుగ్గమ్మకు చెప్తే ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది.

పలకల మధ్య సందుల్లో దూది కుక్కి గుగ్గిలం పూయాలని వీడియోలో ఉంది. దూదెందుకు, ఉన్ని లేదా అన్నాడు ఈరయ్య. అంగడికి పోకముందు చెవికోత గొర్రెల మీది నల్ల ఉన్ని కత్తిరించి గోనెలకెత్తి పెట్టాడు. దాన్ని పేనే పని ఎవరిది? ఇంకెవరిది, బుగ్గమ్మదే. తొడ మీద పేని పేని అరచేతులు వాచాయి. నీ బిడ్డకు నేను గొంగడి నేసి పంపుతున్ననా, పడవ పంపుతున్ననా అని కసురుకుంటూనే పేనింది. మహిధర్ ఆ ఉన్ని తాళ్లను సందుల్లో ఉలితో కుక్కి, కరిగించిన గుగ్గిలంలో నూనె కలిపి పూశాడు. ఇల్లంతా ఆ వాసనే. అన్నంలో అదే, కలలో అదే.

ఎండలు ముదిరేసరికి పడవ అయింది. కింద తాండూరు బండల ముక్కలు పేర్చి వాటి మీద నిలబెట్టారు. ముందు కొసకు ఈరయ్య పసుపు రాసి బొట్టు పెట్టాడు. మహిధర్‌కు బట్టలు పెట్టారు. బండలు తోలే లారీ ఒకటి కాకినాడ దిక్కు పోయేది కుదిరింది. బండల మీద పడవను బోర్లించి కట్టుకుపోవచ్చు. నవనీతా నూకరాజూ వచ్చి తీసుకుపోతారని బుగ్గమ్మ మొగుడికి గోడ ద్వారానే తెలియజేసింది. ఈరయ్య తలకాయ కిందికీ ఆడలేదు, పక్కకూ ఆడలేదు. సాయంత్రం గడ్డం గీయించుకుని వచ్చాడు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. ఇప్పుడు జరిగింది చెప్పాలంటేనే నీరసం వస్తుంది.

పడవ కారుతుందో లేదో ఎట్లా చూడాలి? ఆ మాట మహిధర్‌దే. నూకరాజును అడిగితే సరిపోయేది. అడగాలని ఎవరికీ తోచలేదు, ఎందుకంటే కారడం గురించి తెలియనిదేమున్నది వీళ్లకు? పుట్టిననాటి నుంచి కారేవాటితోనే కాపురం. చెరువు ఎండిపోయింది, కాగ్నాలో ఇసుక. తేల్చి చూద్దామంటే తడి లేదు.

“కుండను ఎట్ల సూస్తం? బిందెను ఎట్ల సూస్తం?” అన్నది బుగ్గమ్మ. “నిండ నీళ్లు పోసి పెడితే తెల్లారికి తెలుస్తది.”

గొర్రెల తొట్టి కట్టినప్పుడు కూడా అట్లాగే చూశారు. మహిధర్‌కు సబబుగా తోచింది. ఈరయ్య తలకాయ మాత్రం చాలాసేపు ఎటూ ఆడలేదు. నీళ్లు మస్తు కావాలె, యాడికెళ్లి తెస్తవు అన్నాడు. ఎప్పుడు యాడికెళ్లి తెచ్చిననో ఇప్పుడూ గాడికెళ్లే అని బుగ్గమ్మ బిందె ఎత్తుకుంది.

నల్లా వచ్చిన పొద్దున ఇంట్లోకి ఒక్క బిందె కూడా పెట్టుకోకుండా పడవలో పోసింది. నల్లా ఆగిపోయాక పొలం బోరు దగ్గరికి పోయింది. అది ఊపిరి పీల్చుకుని పీల్చుకుని ఇన్ని నీళ్లు కక్కేది. అవి పట్టి మోసింది. ఈరయ్య చేతులు అడ్డం పెడితే, నువ్వు పోయి మిగిలిన గొర్రెలను చూసుకో అన్నది. బిందె పైకెత్తి పడవ అంచు మీదుగా ఒంపినప్పుడల్లా నడుములో ఏదో కలుక్కుమనేది. అడుగున తడి కనబడటానికే ఎంతో పట్టింది. పక్కింటి రజిని వచ్చి, ఎందుకక్కా నీకీ గోస అన్నది. కూర్చోనైనా కూర్చోకుండా బుగ్గమ్మ ఆమెతో అన్నది, రేపు నా బిడ్డ వస్తుంది, ఆయన మాట్లాడతాడు, మాట్లాడకపోతే ఆ పడవలోనే పడి చస్తా అని. రజిని కూడా రెండు బిందెలు తెచ్చి పోసి పోయింది. పొద్దు గూకేసరికి పడవ సగం పైన నిండింది. చుక్క కారలేదు. ఉన్ని తాళ్లు నీళ్లు తాగి బిగుసుకున్నాయని మహిధర్ వంగి చూసి సంబరపడ్డాడు. బుగ్గమ్మ అన్నం కలుపుకున్న చెయ్యి కంచంలో పెట్టుకునే నిద్రపోయింది.

తెల్లవారుజామున కోడి కూసే వేళ ఒక చప్పుడైంది. గోడ కూలినట్టు కాదు, పెద్ద కట్టె విరిగినట్టు. వెంటనే జర్రుమని నీళ్లు. బుగ్గమ్మ లేచి వచ్చేసరికి వాకిలి వాకిలంతా నీళ్లు పారుతున్నాయి. పడవ అడుగున నడుమ దూలానికి అటూ ఇటూ ఉన్న పలకలు మేకులతో సహా ఊడి నోళ్లు తెరిచాయి. ఒక పక్కటెముక చిట్లింది. నల్ల ఉన్ని తాళ్లు సందుల్లోంచి బయటికి వేలాడుతున్నాయి. నిన్న రోజంతా ఆమె నడుము మీద వచ్చిన నీళ్లు వాకిట్లోంచి బజార్లోకి, బజార్లోంచి మోరీలోకి పోతున్నాయి. ఆమెకు ఏడుపు కూడా రాలేదు, అంత అలసిపోయి ఉంది. ఆ నీళ్లలోనే చతికిలబడింది.

నేనే పోయమన్న. నా నోరు పడిపోను, నేనే పోయమన్న. ఇదొక్కటే ఆమె లోపల తిరుగుతున్నది. పడవ పోయింది, అరణం పోయింది. బిడ్డ దారిలో ఉంది. ఆయన ముందర నిలబెట్టడానికి ఏమీ లేదు. ఇప్పుడు గొంగడి వేసుకుని గొర్రెల వెంట పోతాడు, వాళ్లు వచ్చి పోయిందాకా తిరిగి రాడు. ఇక ఆ తండ్రీ బిడ్డలకు మాటలుండవు, అది తన వల్లనే.

ఈరయ్య వచ్చి పడవ చుట్టూ తిరిగాడు. చిట్లిన చోట వేలు పెట్టి చూశాడు. వేలాడే ఉన్నిని సందులోకి నెట్టబోయి వదిలేశాడు. బుగ్గమ్మ వైపు చూశాడు గాని ఆ చూపులో ఏమున్నదో ఆమెకు తెలియలేదు, ఆమె తల ఎత్తితే గదా! తర్వాత లోపలికి పోయి గొంగడి తీసుకుని బయటికి వచ్చాడు. అనుకున్నంతా అయిందని బుగ్గమ్మ కళ్లు మూసుకుంది. ఆయన ఆ గొంగడి మడిచి అరుగు మీద పరిచి, లే, తడిల కూసోకు అన్నాడు.

ఆటో ఆగిన చప్పుడు అప్పుడే వినిపించింది. రైలు దిగి తాండూరు నుంచి ఆటో కట్టించుకుని వచ్చారు. నవనీత కొంచెం నల్లబడింది, బుగ్గమ్మ భయపడ్డంతగా చిక్కలేదు. వెనకాల నూకరాజు చేతి సంచితో, ఎండుచేపల మూటతో. మూడేళ్ల తర్వాత గడప తొక్కే బిడ్డకు కాళ్లకు నీళ్లివ్వాలి. బుగ్గమ్మ గబగబా లేచింది. బిందెలన్నీ చూసింది. ఇంట్లో చుక్క నీళ్లు లేవు. అన్నీ పడవలోనే పోసింది తానే. ఖాళీ చెంబు పట్టుకుని వాకిట్లో నిలబడిపోయింది. అంతకంటే సిగ్గు ఆమె బతుకులో పడలేదు.

నూకరాజు పడవ దగ్గరికి పోయాడు. సంచి పక్కన పెట్టి, వంగి, అడుగున చూశాడు. తడిసిన బండలు చూశాడు. ఎవరినీ నొప్పించకూడదని అతను ఎంత మెల్లగా అడగాలనుకున్నా, అడగక తప్పలేదు.

“ఇందులో నీళ్లు పోశారాండీ?”

నవనీతకు ముందు అర్థం కాలేదు, తర్వాత అర్థమై నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పడవకు బలమంతా బయటినుంచి నెట్టే నీళ్లను ఆపడానికని, లోపలినుంచి నెడితే ఎంత గట్టిదైనా విచ్చుకుంటుందని, అందులోనూ కింద నీళ్లు లేకుండా రాళ్ల మీద నిలబెట్టి పోస్తే ఆగదని నూకరాజు మెల్లగా చెప్పాడు. సముద్రపు ఒడ్డున చిన్నపిల్లకు కూడా తెలిసిన మాట అది. ఈ ఊళ్లో ఎవరికి తెలుస్తుంది? ఇక్కడ నీళ్లంటే లోపల నిలుపుకునేవి. బయట ఆపాల్సినన్ని నీళ్లు వీళ్లు ఎప్పుడు చూశారు?

“ఎవలు పోయమన్నరమ్మా?” అన్నది నవనీత. తప్పు పట్టడానికి కాదు, నవ్వూ ఏడుపూ కలిసి వచ్చి అడిగింది.

బుగ్గమ్మ చెంబు పట్టుకునే ఒక అడుగు ముందుకు వేసింది. నేనే అని నోరు తెరిచింది.

“నేనే పోయమన్న బిడ్డా,” అన్నాడు ఈరయ్య.

బిడ్డా అన్నాడు. గొంతు వాడక వాడక తుప్పు పట్టి వచ్చింది ఆ మాట. నవనీత కొంగు జారింది. ఆయన పడవను చూడలేదు, పడవ చాటున నిలబడనూ లేదు. ఊడిన పలకల ముందర, ఉత్త చేతులతో, బిడ్డ మొహంలోకి చూస్తూ మళ్లీ అన్నాడు.

“మీ అమ్మ వద్దనె. నేనే ఇనలే. నీళ్లన్ని ఒక్కతే మోసింది.”

ముప్పై ఏళ్లలో ఆయన ఆడిన అబద్ధం అదొక్కటే అయి ఉంటుంది, చివరి మాట మాత్రం అబద్ధం కాదు. బుగ్గమ్మ బిడ్డ కోసం మూడేళ్లు ఎదురుచూసిన మాట అట్లా వచ్చింది, దాని వెనకే తన కోసం ఎదురుచూడటం ఎన్నడో మానేసిన మాట కూడా వచ్చింది. ఆ ముసలోడు తన నీళ్లు చూశాడన్నమాట. ఇన్నేళ్లూ చూస్తూనే ఉన్నాడన్నమాట. అప్పుడు వచ్చింది ఆమెకు ఏడుపు. నిలబడలేక అరుగు మీది గొంగడి మీద కూలబడి, ఎవరేమనుకుంటారన్నది లేకుండా ఏడ్చింది. నవనీత తండ్రి చేతిని పట్టుకుని అట్లాగే నిలబడి ఉంది. ఈరయ్య ఆ చేతిని విడిపించుకోలేదు.

నూకరాజు సందులోంచి వేలాడుతున్న ఉన్ని తాడు ఒకటి లాగి చూశాడు. అది ఇంకా గట్టిగానే ఉంది. ఇది బాగుందండి మావయ్యగారూ, దూదికన్నా బాగుంది అన్నాడు. పలకలు నాలుగు విప్పి మళ్లీ కొట్టుకోవాలి, ఒక ఎముక మార్చాలి, మిగిలిందంతా గట్టిదే, మా ఊళ్లో చేసుకుంటాం, లారీ రానివ్వండి అన్నాడు. ఈరయ్య తలకాయ కిందికి ఆడింది. ఆ వెంటనే, తలకాయ సరిపోదనుకున్నాడేమో, మంచిదయ్యా అని పైకి కూడా అన్నాడు.

బుగ్గమ్మ మొహం తుడుచుకుని చెంబుతో లేచింది. రజిని ఇంట్లోనైనా నీళ్లుంటాయి, కాళ్లు కడుక్కోకుండా లోపలికి ఎట్లా వస్తారు అని బయలుదేరింది. నవనీత తల్లి చేతిలోంచి చెంబు తీసుకుని గడప మీద పెట్టింది. చెప్పులు విడిచి, పడవలోంచి పారిన నీళ్లలో, బండల సందున నిలిచిన మడుగులో రెండు కాళ్లూ పెట్టింది.

“గీ నీళ్లు చాలు గదమ్మా,” అన్నది. “నువ్వు తెచ్చినయే గదా. ఇంక కూసో.”

బుగ్గమ్మ కూర్చున్నది. ఇంట్లో పొయ్యి వెలగలేదు, తాగడానికి చుక్క లేదు, నల్లా రేపటిదాకా రాదు. ఈరయ్య ఖాళీ బిందె ఒకటి భుజానికెత్తుకుని బోరు దిక్కు నడిచాడు. మగవాడు బిందెతో పోతుంటే బజార్లో ఎవరో నవ్వారు. బుగ్గమ్మ విన్నది. అందుకుని నాలుగు తిట్టడానికి ఓపిక లేక, ఆ దినానికి వదిలేసింది.